కిరసనాయిలు డబ్బాలో అక్క

మా ఇంటికి వచ్చినవాళ్లు వసారాలో క్రోటన్‌ను చూసి, మీకు మొక్కలంటే ఎంత ప్రేమండీ అంటారు. నాకు ప్రేమా లేదు, పాడూ లేదు. కరివేపాకు తప్ప ఇంకో చెట్టును పట్టించుకునే ఓపిక నాకు ఏనాడూ లేదు. ఈ క్రోటన్ సంగతి వేరు. దీనితో నేను కాపురం చేశాను.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు కోడలిగా వచ్చాను. అప్పటికే నాకు పందొమ్మిదేళ్లు నిండాయి. ఆ రోజుల్లో అది ముదురు వయసు, అందుకే రెండో సంబంధం. మా ఆయన మొదటి భార్య పురిట్లో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. బజారు వీధిలో వాళ్లకు కిరాణా అంగడి, అంగడి వెనకే ఇల్లు. ఇంట్లో ఉండేది ముగ్గురం, ఆయన, మా అత్త, నేను. అత్త లెక్కలో మాత్రం నలుగురం.

పెళ్లిలో నా తాళితోపాటు పోయినామె పేర చిన్న బంగారు బిళ్ల ఒకటి గుచ్చి కట్టారు. రెండో పెళ్లి అంటే అది మామూలే, నేనేమీ అనుకోలేదు. గడప దాటి లోపలికి రాగానే అత్త నన్ను దేవుడి దగ్గరికి తీసుకెళుతుందనుకున్నాను. ఆమె వసారాలో ఉన్న కిరసనాయిలు డబ్బా ముందు నిలబెట్టింది. డబ్బాకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. అందులో నా భుజమెత్తు క్రోటన్. కొన్ని ఆకుల మీద పసుపు మచ్చలు, కొన్నింటికి ఎర్రటి ఈనెలు, ఏ రెండాకులూ ఒక్కతీరుగా లేవు.

"మీ అక్క. మొక్కుకో," అంది అత్త.

పోయినామెకు ఫోటో అంటూ లేదు. తన పుట్టిల్లు గూడూరు నుంచి ఒక కొమ్మను తడిగుడ్డలో చుట్టుకొచ్చి ఆమె నాటుకున్న మొక్క అది. ఆమె చేతి గుర్తుగా ఇంట్లో మిగిలింది అదొక్కటే. ముత్తైదువగా పోయిన మనిషి కాబట్టి శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టి పసుపునీళ్లు పోయాలి. నేను కొత్తచీర కట్టుకోవాలంటే ముందు ఆ డబ్బా మీద ఉంచి తీయాలి. తలలో పూలు పెట్టుకుంటే మొదటి పువ్వు అక్కడ పెట్టాలి. పొద్దున లేస్తే "అక్కకు నీళ్లు పోసినావా?", అన్నానికి కూచుంటే "అక్కకు చెప్పినావా?" ఆ మొక్కకు కత్తి తగలకూడదు, ఎవరూ ఆకు తుంచకూడదు.

సవతిపోరు అంటే బతికున్న మనిషితోనే అనుకునేదాన్ని. పోయిన మనిషితో పోట్లాడే వీలు కూడా లేదు. మధ్యాహ్నం ఆయన అంగట్లో, అత్త కునుకులో ఉన్నప్పుడు ఇల్లంతా నిశ్శబ్దంగా ఉండేది. క్రోటన్ ఆకు మందం. గాలి లేకపోయినా ఒకటి రాలేది, బండల మీద టప్పుమని వినిపించేది. ఎవరో లోపలికి వచ్చి నిలబడ్డట్టుండేది. ఆ మొక్కకు వీపు చూపించి కూచోలేకపోయేదాన్ని. ఆయనకు చెబితే అటు చూడకుండానే, "అమ్మతో చెప్పు," అనేవాడు. ఆయన ఎప్పుడూ ఆ డబ్బా వైపు చూసేవాడు కాదు.

నేను వచ్చిన వారానికే ఆకులు రాలడం ఎక్కువైంది. అత్త మొహం మాడింది. "దానికి ఈడ బాగలేదు," అని డబ్బాను బావి దగ్గర పెట్టించింది. ఇంకా రాలాయి. దేవుడి గూటి పక్కకు మార్చింది, ఇంకా రాలాయి. వీధి గుమ్మం, మెట్ల కింద, మళ్లీ వసారా. పక్కింటివాళ్లు నా మొహం చూసి, "చిన్నామె వచ్చినాక పెద్దామె అలిగినట్టుండాదే," అని నవ్వేవాళ్లు. నాకు నవ్వు రాలేదు.

అంతలో నాకు కడుపు వచ్చింది. మా వైపు ఏడో నెలలో తల్లి చలిమిడి తెచ్చి, కూతురి ఒళ్లో పెట్టి, పురిటికి తీసుకుపోతుంది. మా అమ్మ ఉదయగిరి నుంచి బస్సులో చలిమిడి గిన్నె ఒళ్లో పెట్టుకుని వచ్చింది. అత్త కాళ్లకు నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది, నన్ను మాత్రం పంపనంది.

"అక్క ఒప్పుకోలా. ఆకు రాలస్తానే ఉండాది చూడు. అది చిగురేసినాకనే పంపేది."

"చెట్టుకూ పురుడుకూ ఏంది సంబంధం వదినా?" అంది అమ్మ.

ఆయన అంగట్లోంచి ఇవతలికి రాలేదు. ఒళ్లో చలిమిడి పెట్టాక కూతుర్ని వదిలి పోకూడదు. అందుకని అమ్మ గిన్నె మూత కూడా తీయకుండా దాన్ని అలాగే పట్టుకుని మళ్లీ బస్సెక్కింది. నేను వీధి గుమ్మంలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. ఆ ఇంట్లోనే పురుడు అంటే పెద్దామె పోయిన గదిలోనే కనాలి, ఆమె పడుకున్న మంచం మీదే. కన్నానంటే నేనూ పోతాను. అది నాకు ఖాయమైపోయింది. అత్తను కాదు, ఆ మొక్కను తిట్టుకున్నాను. చచ్చి కూడా నన్ను వదలవేమే అన్నాను. టప్పుమని ఇంకో ఆకు రాలింది.

రాలిన ఆకులు ఊడ్చేది నేనే కాబట్టి ఒక సంగతి నాకే తెలిసింది. డబ్బా చోటు మారిన వారంలోనే చీపురుకు పని పెరిగేది. కొన్నాళ్లు ఒకేచోట ఉంటే తగ్గేది. తగ్గకముందే అత్త బెంగపడి మళ్లీ మార్చేది. అసలు మొదట రాలడం నేను వచ్చినందుకు కాదు. పెళ్లికి సున్నాలు కొట్టడానికని దాన్ని దొడ్లోకి తీసి, మళ్లీ వసారాలో పెట్టారట. ఆ నింద కూడా నాకే వచ్చింది.

ఒకరోజు దొడ్డి గుమ్మం పక్కనుంచి కూడా అత్త నడుం వంచి డబ్బా ఎత్తబోతుంటే వెళ్లి దాని ముందు చతికిలబడ్డాను. "నన్నూ కలిపి ఎత్తుకో," అన్నాను.

"లెయ్యి. కడుపుతో ఉండావు."

"ఒక్కసారి చోటు మారినందుకే నాకు ఇన్నాళ్లు అన్నం సయించలా అత్తా. దాన్ని నువ్వు ఊరంతా తిప్పతా ఉండావు. అదెట్టా కుదురుకుంటాది? దాన్ని ఒకచోట ఉండనీ. ఆ పసుపునీళ్లు కూడా ఆపు."

కొడుతుందేమో అనుకున్నాను. ఆమె డబ్బా వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. డబ్బా అక్కడే, పొద్దుటి ఎండ తగిలేచోట ఉండిపోయింది. మన్ను ఎండితే చెంబెడు బావినీళ్లు పోసేదాన్ని, అంతే. మొక్క బోడికాడై, కొనన గుప్పెడాకులతో నిలబడి ఉంది. నాకు కడుపు పెరుగుతోంది. నేను నీళ్లు పోస్తోంది మొక్కకో, నన్ను పట్టుకున్న దయ్యానికో తెలిసేది కాదు. బతకమని మాత్రం బతిమాలుకునేదాన్ని.

ఒక పొద్దున కొనలో లేత ఆకు విచ్చి కనిపించింది. మచ్చా లేదు, ఎరుపూ లేదు, నిగనిగలాడే పచ్చన. సంతోషం కంటే ముందు నాకు భయం వేసింది. ఎవరో కళ్లు తెరిచినట్టుంది. అత్తను కేకేశాను. ఆమె వచ్చి, వేలితో ఆకును తాకి, అంగట్లోకి వెళ్లి, బస్సు కండక్టరుతో ఉదయగిరికి కబురు పెట్టమని కొడుకుతో చెప్పింది.

మర్నాడే అమ్మ వచ్చింది. నన్ను పీట మీద కూచోబెట్టి గిన్నె మూత తీసింది. "ఆగు వదినా," అంది అత్త. కత్తి తీసుకుని దొడ్డి గుమ్మం దగ్గరికి నడిచింది. ఏం చేస్తుందో అర్థమయ్యేలోగా చిగురుతో సహా కొనకొమ్మను తెగ్గోసింది. నేను అరిచాను. ఆమె తన పాత చీర చెంగు చింపి, తడిపి, కొమ్మ మొదలుకు చుట్టి తెచ్చి నా పక్కన పీట మీద పెట్టింది.

"దీన్నీ తీసకపో," అంది. "మీ అక్కా ఇట్టనే అడిగింది, మా అమ్మ దగ్గిరికి పంపు అత్తా అని. పండగ గిరాకీ, ఇంట్లో చేతికింద మనిషి లేదని నేనే పంపలా. వాళ్లమ్మ కూడా గిన్నె మూత తియ్యకుండానే ఎత్తకపోయింది. దానికియ్యని పుట్టిల్లు నీకిస్తే అది ఊరుకుంటాదా అని భయపడినాను. ఇప్పుడు పంపుదామంటే ఆ తల్లి కూడా లేదు."

ఆ ఇంట్లో నాకంటే ఎక్కువగా భయపడుతూ బతికిన మనిషి ఎవరో నాకు అప్పుడు తెలిసింది. అమ్మ గిన్నెలో చెయ్యి పెట్టి చలిమిడిని రెండు ముద్దలు చేసింది. ఒక ముద్దను ఆకులో పెట్టి తడిగుడ్డ పక్కన ఉంచింది. కొమ్మకు బొట్టు పెట్టింది. రెండో ముద్దను ఆ తర్వాతే నా ఒళ్లో పెట్టింది.

"పెద్దదానికి ముందు పెట్టాల గదా," అంది.

అత్త గోడకు ఆనుకుని కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

బస్సులో కొమ్మను ఒళ్లో పెట్టుకుని కూచున్నాను. ఎండకు గుడ్డ ఆరినప్పుడల్లా అమ్మ చెంబులోంచి నీళ్లు చల్లింది. ఉదయగిరి కొండ కనబడగానే గుడ్డ కాస్త పక్కకు తీసి ఆ లేత ఆకును కిటికీ వైపు తిప్పాను.

"అక్కా, వచ్చేసినాం," అన్నాను. ఎవరూ చెప్పకుండా ఆమెను నేను అలా పిలవడం అదే మొదటిసారి.