మత్స్యరాజు వేలంపాట

నన్ను ఒకసారి వేలం వేశారు. క్రికెట్ ఆటగాళ్లను వేసినట్టు గౌరవంగా కాదు, చేపను వేసినట్టు వేశారు. తల దగ్గర ఒకడు, తోక దగ్గర ఒకడు పట్టుకుని, చుట్టూ జనాన్ని చేర్చి, మైకులో కేకేసి మరీ వేశారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆ వేడుకకు తేదీ నిర్ణయించింది నేనే, మైకు అద్దెకు కుదిర్చింది నేనే, చేప వేషం కుట్టించుకుని అందులో దూరింది కూడా నేనే. ఇప్పుడు చెబుతూ నవ్వుకుంటున్నాను గానీ, అప్పట్లో కొన్నాళ్లు సిటీ బస్సులో తెలిసిన ముఖం కనిపిస్తే చాలు, కిటికీలోంచి తల బయటపెట్టి మద్దిలపాలెం దాకా అలాగే ఉండేవాణ్ని.

తొంభైల చివరి సంగతి ఇది. నాన్నగారికి పోర్టులో ఉద్యోగం కావడంతో మేం గోదావరి జిల్లా నుంచి వచ్చి సీతమ్మధారలో స్థిరపడ్డాం. నేను డిగ్రీ అయిపోయి ద్వారకా నగర్‌లో బ్యాంకు పరీక్షల కోచింగ్ తీసుకుంటున్నానని ఇంట్లో అనుకునేవారు. కొన్నాళ్లు నేనూ అలాగే అనుకున్నాను. ఇంతలో ఎవరో స్వచ్ఛంద సంస్థవాళ్లు పిల్లలకు కథలు చెప్పడంలో రెండు రోజుల శిక్షణ ఇస్తామన్నారు. మధ్యాహ్నం భోజనం కూడా ఉందన్నారు. వెళ్లాను. రెండో రోజు సాయంత్రానికల్లా నాకు జ్ఞానోదయమైపోయింది. ఖద్దరు జుబ్బా కొన్నాను, భుజానికి గుడ్డసంచి తగిలించాను. గడ్డం కూడా పెంచుదామనుకున్నాను గానీ అది సహకరించలేదు.

నన్ను ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో ఉన్న ఒక మున్సిపల్ స్కూలుకి పంపారు. ప్రతి శనివారం చివరి రెండు పీరియడ్లు ఏడో తరగతి నాది. కథలు, బొమ్మలు, నాటకాలు. పిల్లల్లో చాలామంది సముద్రం మీద బతికే ఇళ్లవాళ్లు. నేను కథ మొదలుపెట్టేలోపు వాళ్లే నాకు చెప్పేసేవారు. నడిసముద్రంలో డీజిలు అయిపోయిన బోటు గురించి, వలలో పడ్డ ఇత్తడి బిందె గురించి, ఆ బిందెలోంచి బయటికొచ్చిన దెయ్యం గురించి. నేను నోరు తెరుచుకుని వినేవాణ్ని. నిజం చెప్పాలంటే ఆ శనివారాల కోసం వారమంతా ఎదురుచూసేవాణ్ని.

అయితే శిక్షణలో నేర్చుకున్నది ఎక్కడో ఒకచోట దించాలి కదా. అందుకని పిల్లలకు మూడు సూత్రాలు బోధించి, ఎక్కాల్లా అప్పజెప్పించాను. ఎదుటివాడి ఊహకు అడ్డు చెప్పకూడదు. వేదిక ఎక్కాక ఏం జరిగినా పాత్రలోంచి బయటికి రాకూడదు. మాటలు మరిచిపోతే మనసుకు తోచింది చేసెయ్యాలి. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. నా కొంపముంచినవి ఇవే.

ఆ క్లాసులో నూకరత్నం అనే పిల్ల ఉండేది. చురుకైనది. ఏ కథ చెప్పినా "తరవాతేటైంది సార్?" అని చివరిదాకా తరిమేది. ఒక శనివారం నేను వెళ్లేసరికి వాళ్లమ్మ కాసులమ్మ హెడ్మిస్ట్రెస్ గదిలో నిలబడి ఉంది. హార్బర్‌లో వేలంలో చేపలు పాడుకుని ఊళ్లో అమ్మే మనిషి. ఆమె గొంతు గేటు దాకా వినిపిస్తోంది.

"ఈ ఏడుతో సాలు మేడమ్మా. పరీచ్చలైపోగానే ఆర్బరుకి తోలుకుపోతాను. సేతికింద ఓ మనిసి ఉండాల నాకు."

మా హెడ్మిస్ట్రెస్ సుభద్ర మేడం నెమ్మదస్తురాలు. "బాగా చదివే పిల్ల కాసులమ్మా. కనీసం పదో తరగతి దాకా చదవనీ" అన్నారు.

"సదివి ఏటి సేత్తాదండి? సేపని ముందరెట్టుకుని పజ్జెం సదువుతాదా?"

కాసులమ్మ వెళ్లిపోయింది. వరండాలో స్తంభం వెనక నిలబడ్డ నూకరత్నం నా సంచి పట్టుకుని లాగింది. ముఖం చిన్నబోయి ఉంది.

"సారూ, మా యమ్మకి మీరు సెప్పండి. నాను సదూకుంటాను. మేడమ్మంటే మా యమ్మకి బయం నేదు."

"నేనంటే ఉందా?"

"మీరంటే అసలే నేదు. కానీ మీకు కతలొచ్చు కదా."

ఇంతకంటే పెద్ద బిరుదు నాకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. ఛాతీ పొంగిపోయింది. నేరుగా లోపలికి వెళ్లి, "ఆ తల్లి మనసు నేను మారుస్తాను మేడం" అని ప్రకటించాను.

"నేను వాళ్లింటికి కూడా వెళ్లి చెప్పొచ్చాను మాస్టారూ. వినలేదు. మీరెలా మారుస్తారు?"

"వార్షికోత్సవంలో. నాటకంతో."

మేడం కళ్లజోడు తీసి నన్ను ఒకసారి చూశారు. మళ్లీ పెట్టుకుని ఇంకోసారి చూశారు. రెండుసార్లూ ఒకేలా కనిపించినట్టున్నాను.

నాటకం నేనే రాశాను. ఒక జాలరి వలలో మత్స్యరాజు పడతాడు. కన్నీరు కారుస్తాడు. అప్పుడు సముద్రదేవత ప్రత్యక్షమై కరుణ గురించి, విద్య గురించి ఒక పెద్ద ఉపన్యాసం ఇస్తుంది. జాలరి మనసు కరిగి చేపను వదిలేస్తాడు. సముద్రదేవత నూకరత్నమే. కూతురి నోట ఆ మాటలు విని కాసులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటుందనీ, ఆ వెంటనే లేచి పిల్లని కాలేజీ దాకా చదివిస్తానంటుందనీ నా అంచనా. ఆ సన్నివేశాన్ని తలుచుకుని నేనే రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను.

మేడం నాటకం చదివి ఒకటే సందేహం వెలిబుచ్చారు. "చూసేవాళ్లంతా చేపలు పట్టి బతికేవాళ్లు కదా మాస్టారూ. పడ్డ చేపను వదిలెయ్యమంటే ఎలా?"

"కళకి అవన్నీ అడ్డురావు మేడం" అన్నాను. ఆ జుబ్బా వేసుకుంటే అలాంటి మాటలు వాటంతటవే వచ్చేసేవి.

పిల్లలు కూడా అదే అడిగారు. జాలరి వేషానికి కుదిరిన ఎల్లాజీ అయితే నన్ను పట్టుకుని వదల్లేదు.

"నానెందుకొగ్గేత్తాను సార్? అంత పెద్ద సేపని ఎవులైనా ఒగ్గేత్తారేటి?"

"నీ మనసు కరుగుతుందిరా."

"కరిగితే మాత్తరం? ఇంటికెల్లి మా యయ్యకేటి సెప్పాల?"

దీనికి శిక్షణలో సమాధానం చెప్పలేదు. "నాటకంలో నీకు అయ్య లేడు" అని నోరు మూయించాను. ఎదుటివాడి ఊహకు అడ్డు చెప్పకూడదన్న సూత్రం నాకు వర్తించదని అప్పట్లో నా నమ్మకం.

ఇక చేప వేషం వెయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. పట్టేవాళ్లింట్లో పుట్టి పట్టుబడే వేషం ఎవరు వేస్తారు? బతిమాలి ఒకణ్ని ఒప్పిస్తే, వాడు వలలో పడగానే "బాబోయ్, ఒగ్గీండ్రా!" అని గోలపెట్టాడు. "చేపలు మాట్లాడవురా! కళ్లతోనే నటించాలి" అని నేను అందరి ముందూ గద్దించాను. వాడు అలిగి మానేశాడు. చివరికి ఆ వేషం నాకే మిగిలింది.

పిల్లలు వేషం మాత్రం అద్భుతంగా తయారుచేశారు. లైనింగు గుడ్డతో సంచిలా కుట్టి, దాని నిండా అట్టముక్కల పొలుసులు కత్తిరించి, వెండికాయితం తొడిగి, మైదా జిగురుతో అంటించారు. దోమతెరతో తోక పెట్టారు. నా తల ఒక్కటే బయటికి. చేతులు లోపలే. ఆ వేషంలో నడవడం కుదరదు, గెంతడమే. అప్పుడు కూడా నాకు ప్రమాదం కనిపించలేదు.

వార్షికోత్సవం రోజు సాయంత్రం స్కూలు ఆవరణంతా జనం. బల్లలు కలిపి వేదిక వేశాం. మొదటి వరసలో కాసులమ్మ, ఆమె పక్కన హార్బర్ నుంచి అటే వచ్చేసిన ఆడవాళ్లు. నేను గెంతుకుంటూ వేదిక మీదికి రాగానే ఈలలు మోగాయి. నా నటనకే అనుకుని ఇంకో రెండు గెంతులు వేశాను.

ఎల్లాజీ వల విసిరాడు. రిహార్సల్లో వాడింది పురికొసతో అల్లిన బొమ్మ వల. ఆ రోజు వాడు వాళ్ల నాన్న విసురువల పట్టుకొచ్చాడు. దాని అంచుల నిండా సీసపు గుండ్లుంటాయి. వాటిలో ఒకటి నా ముక్కుకి తగిలింది, ఇంకోటి మోకాలికి. నేను దబ్బున పడ్డాను. జనం చప్పట్లు కొట్టారు.

అప్పుడు మెరుపు కాగితాల కిరీటంతో నూకరత్నం వచ్చింది. "ఓ జాలరీ! ఈ మూగజీవిని విడిచిపుచ్చుము" అంది. ఎల్లాజీ వల అంచు పైకెత్తబోయాడు. జనంలోంచి ఎవరో అరిచారు.

"ఏట్రా ఎల్లాజీ, ఒగ్గేత్తన్నావేటి? అంత సేపని ఒగ్గేసి ఇంటికి ఏ మొకమెట్టుకెల్తావురా?"

ఆవరణంతా గొల్లుమంది. ఎల్లాజీ చెయ్యి ఆగిపోయింది. నావైపు చూశాడు. ఆ చూపులో "నాను ముందే సెప్పాను కదా సార్" అని ఉంది. నూకరత్నం రెండో వాక్యం మరిచిపోయింది. నేను కింద నుంచే "కరుణయే పరమ ధర్మము, కరుణయే..." అని అందించాను.

"సార్, సేపలు మాటాడవు" అన్నాడు ఎల్లాజీ, మైకులో.

నూకరత్నం జనాన్ని చూసింది. వాళ్లమ్మని చూసింది. నన్ను చూసింది. మాటలు మరిచిపోతే మనసుకు తోచింది చెయ్యాలి కదా, చేసింది. కిరీటం తీసి పక్కన పెట్టి, ఓణీ బొడ్లో దోపి, చెయ్యెత్తింది.

"రండమ్మా రండి! గోదారి సేప! ఇప్పుడే దిగింది! పాట వందండి, వంద!"

ఆ పిల్లలో అంత గొంతు ఉందని నాకు తెలియదు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి నన్ను తలా తోకా పట్టుకుని జనంవైపు తిప్పారు. "ఒరేయ్, వదలండ్రా" అన్నాను. "పాత్రలోంచి బయటికి రాకూడదు సార్" అని తోకవాడు గుర్తుచేశాడు.

కాసులమ్మ ఇక కూర్చోలేకపోయింది. చేప కనిపించాక ఎలా కూర్చుంటుంది? బల్లలెక్కి వచ్చి, వల అంచు ఎత్తి చెయ్యి పెట్టి, మొప్పలు తెరిచి చూసినట్టు నా చెవి మెలేసి చూసింది. బొటనవేలితో నా పొట్ట నొక్కింది.

"నొక్కితే లోపలికెల్లిపోతంది. నిలవ సేప."

"నిలవ కాదమ్మా, పులస!" అంది నూకరత్నం తడుముకోకుండా. మా గోదావరి పరువు నిలబెట్టిందని ఆ దుస్థితిలోనూ కాస్త సంతోషించాను.

"పులసకింత బొజ్జుంటాదేటి? నాకొద్దు."

"ఎనబై! పోనీ యాబై! యాబైకి ఎవులైనా ఉన్నారేటి?"

వేలంలో పాట పైకి వెళ్తుందని విన్నాను. నాది మెట్లు దిగుతూ పోయింది. "ఐసు కర్సు కూడా రాదు" అని ఒకావిడ, "ఎండబెట్టినా పనికిరాదు" అని ఇంకొకావిడ. ఊరికే ఇస్తానన్నా చెయ్యెత్తిన మనిషి లేడు. నేను రాసిన ఉపన్యాసానికి ఒక్కరైనా నవ్వేవారో లేదో గానీ, ఆ వేలానికి మాత్రం ముసలీ ముతకా కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వారు. కాసులమ్మ కూడా నేను ఆశించినట్టే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ చేత్తోనే మైకు అందుకుంది. "సూసారేటి మేడమ్మా నా గుంటని! నా గొంతే దానికొచ్చింది. ఇంక పరీచ్చలెందుకు, రేపే ఆర్బరుకి తోలుకుపోతాను!"

నాకు పొలుసుల్లోపల చెమటలు పట్టాయి. సుభద్ర మేడం వేదిక పక్క నుంచి వంగి, నా చెవిలో మెల్లగా అన్నారు. "మనసు మారుస్తానన్నారు. మార్చారు. పరీక్షల తర్వాత మానిపిస్తానన్న మనిషి రేపే మానిపిస్తానంటోంది."

నిజంగా ఏడుపొచ్చింది నాకు. ఆ పిల్ల నన్ను నమ్మి అడిగింది. నేను చేసిందేమిటంటే, చేతులు లేని సంచిలో దూరి, ఆమె చదువుని ఒక్క పూటలో ముగించేశాను. వలలో పడుకునే ఏదో చెప్పబోయాను. ఈలోగా నూకరత్నం వాళ్లమ్మ ముందుకొచ్చి నిలబడింది.

"ఎలా తోలుకుపోతావే? నాను సేపని అమ్మనేకపోనాను కదా."

"అదొక సేపేటే?"

"ఏదైతేనేటి? పాటెట్టినాక అమ్మాల. అమ్మనేకపోతే పని రానట్టేనని నువ్వే అంతావు. నాకింకా రానేదు. ఇంకా సదూకోవాల."

జనం గొల్లుమన్నారు. "గుంట నిజమే సెప్తంది కాసులమ్మా!" అని నాలుగు గొంతులు లేచాయి. కాసులమ్మ కూతుర్ని చూసింది. కోపగించుకుందామనుకుని కూడా పెదాలు ఆపుకోలేకపోయింది. తర్వాత నన్ను తల నుంచి తోక దాకా తీరిగ్గా పరికించింది. జీవితంలో నన్ను అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.

"సరే" అంది మైకులో. "ఈ సేపకి బేరం తగిలిన రోజున బడి మానిపిత్తాను. అందాకా సదూకో."

"అందరూ విన్నారు కదా!" అన్నారు సుభద్ర మేడం, నెమ్మదస్తురాలన్న పేరు ఆ ఒక్క క్షణం పక్కనపెట్టి.

కాసులమ్మ మాట మీద నిలబడ్డ మనిషి. ఎక్కడ కనిపించినా "ఏటి బాబూ, బేరమేటైనా తగిలిందేటి?" అని అడిగేది. "లేదమ్మా" అనేవాణ్ని వినయంగా. "తగల్దులే" అని ధైర్యం చెప్పి పోయేది. నూకరత్నం ఎనిమిదిలోకి వచ్చింది, ఆ క్లాసుతో పాటే నా శనివారాలూ ఎనిమిదికి మారాయి. ఆ ఏడాది వార్షికోత్సవానికి పిల్లలంతా మళ్లీ అదే నాటకం కావాలన్నారు. ఎల్లాజీ అప్పటికే వల సిద్ధం చేశాడట.

నేను లేచి నిలబడి, కుడిచెయ్యి చాచి, సముద్రం సాక్షిగా క్లాసు మొత్తం వినేలా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఒంటి మీద ఒక్క పొలుసు కూడా వేసుకోను. మీరు నవ్వుకున్నా సరే, నన్ను పిరికివాడన్నా సరే. ముక్కుకి గుండు తగులుతుందని కాదు, పరువు పోతుందని అంతకన్నా కాదు. ఆ జనంలో ఏ మహాతల్లో జాలిపడి నన్ను కొనేస్తే, నూకరత్నం చదువేం కావాలి?