నాలుగు మడతల టోపీ

కర్నూలులో మగవాళ్ల టోపీలు అమ్మే మంచి అంగడి ఎక్కడుందని ఎవరైనా అడిగితే ఇప్పుడు కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ సంగతి తెలుసుకోవలసిన అవసరం మాత్రం పగవాడికి కూడా రాకూడదు.

మా వైపు మగవాడి తలకు తువ్వాలే గతి. ఎండకు అదే, వానకు అదే, పంచాయితీలో విసురుగా దులిపి భుజాన వేసుకోవడానికీ అదే. టోపీ అంటే ఇంకొకరికి పెట్టేదే గానీ తాను పెట్టుకునేది కాదు. కడపలో హైస్కూలు సైన్సు మాస్టరును నేను. మే నెలలో గొడుగు వేసుకుని బడికి వచ్చే తోటి మాస్టర్లను చూసి నవ్వేవాణ్ణి.

ఒక ఏప్రిల్లో మా నాయనను కర్నూలులో ఆసుపత్రిలో చేర్చాం. నందికొట్కూరు దగ్గర పల్లెలో జీవితమంతా వేరుశనగ పండించిన మనిషి. కడుపులో గడ్డ అన్నారు. శుక్రవారం ఆపరేషన్ పెట్టారు. పెద్ద డాక్టరు నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచి, "వయసు చూస్తే డెబ్భై దాటింది, గుండె బలంగా లేదు, చేయకపోతే కొన్ని నెలలు, చేస్తే ఏమవుతుందో చెప్పలేం" అన్నాడు. ఆ మాట అమ్మకు సగమే చెప్పాను. నాయనకు అసలు చెప్పలేదు. సగం విన్న అమ్మ నా తల మహానందికి మొక్కేసింది. ఆపరేషన్ కంటే ముందే నేను పోయి తలనీలాలు ఇచ్చి రావాలి.

"గుండు ఒక్కటే. మీసం ముట్టనీయొద్దురా" అని బస్సెక్కేదాకా చెబుతూనే ఉంది.

ఆ మాట ఎందుకో మా ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. మొక్కుకు తలవెంట్రుకలు ఇస్తాం, మీసం ఇవ్వం. మీసం తీసేది తల్లో తండ్రో పోయినప్పుడే. గుండూ, నున్నటి పైపెదవీ ఒకే ముఖం మీద కనిపిస్తే ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు.

సోమవారం పొద్దున మహానందిలో పీట మీద కూర్చున్నాను. నాలుగు రోజుల గడ్డం. మూడు రాత్రులు ఆసుపత్రి వరండాలో నిద్ర లేదు. గుండు గీసేవాడు వయసైన మనిషి. తల మీద చల్లటి నీళ్లు పోసి వేళ్లతో రుద్దుతుంటే అట్లాగే కళ్లు మూతలు పడ్డాయి. మళ్లీ తెరిచేసరికి ఆయన కత్తి తుడుస్తున్నాడు. నా చెయ్యి దానంతటదే మూతి మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు.

"మీసం ఏటికి తీసినావు?" అన్నాను.

ఆయన నా వైపు వింతగా చూశాడు. "మాసిన గడ్డం. ఒక్కడివే వస్తివి, మాటా పలుకూ లేదు. నాయన పోయినాడనుకుంటి సామీ."

"మా నాయన బతికే ఉండాడు."

ఆయన కత్తి మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. తల ఎత్తలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, బడిలో పిల్లలనడిగినా చెబుతారు. ఆ రోజు మాత్రం అరవలేదు. మూతి మీద కత్తి ఆడుతున్నా తెలియని మొద్దును నేనైతే ఆయననేం అంటాను. అదీగాక నాకు భయం వేసింది. పిల్లి ఎదురొస్తే అది దాని పని మీద పోతోందని ఎనిమిదో తరగతికి ఇరవై ఏళ్లుగా చెబుతున్నాను. ఆ చదువంతా వెంట్రుకలతో పాటు అక్కడే నేల మీద పడిపోయింది.

బస్సులో కండక్టరు టికెట్టు చింపుతూ గొంతు తగ్గించి, "పోయింది నాయనా, అమ్మా సార్?" అన్నాడు. ఎవరూ పోలేదని చెప్పాను. పక్క సీట్లో అవ్వ అంతా వింటోంది. "ఎన్నో దినం నాయనా?" అంది. ఎవరూ పోలేదవ్వా అని ఆమెకూ చెప్పాను. ఆమె నా చెయ్యి నిమిరింది.

"కడుపులో దుక్కముంటే అట్లే అంటారు లే" అంది.

నంద్యాల దాటేలోపు మా నాయనను ముగ్గురు చంపారు. అడిగే ప్రతి మనిషీ ఆయనను మంచం మీద నుంచి ఒక అడుగు అవతలికి తోస్తున్నట్టే అనిపించింది. తువ్వాలు తలకు చుట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆసుపత్రి గేటు దగ్గర అమ్మ కనబడింది. ఖాళీ క్యారియరు చేతిలో పట్టుకుని మెట్లు దిగుతోంది. నన్ను చూసి ఉన్నచోటే మెట్టు మీద కూలబడింది. తిట్టలేదు, ఏడవలేదు. ఎట్లా జరిగిందని కూడా అడగలేదు.

"ఈ మొగంతో మీ నాయన కంట పడొద్దురా. ఆ మనిషికి ఉండే ధైర్యం గూడా పోతాది."

"తువ్వాలు కట్టుకుంటాలే అమ్మా."

"తువ్వాలొద్దు. సావు చేసినోళ్లు గుండు మీద సుట్టుకునేది అదే గదా. మూతికి మాస్కు పెట్టుకో. తలకు టోపీ యాదన్నా తెచ్చుకో, దొరల మాదిరి. మోజుపడి పెట్టుకున్నాడనుకోవల్ల."

మాస్కు గేటు పక్క మందుల అంగట్లోనే దొరికింది, వార్డులోకి పోయేటప్పుడు పెట్టుకోవచ్చని జేబులో వేసుకున్నాను. టోపీ కోసం కర్నూలంతా తిరిగాను. ఆటసామాన్ల అంగట్లో క్రికెట్ టోపీ ఇచ్చారు. ముందు నుంచి బాగానే ఉంది గానీ వెనకా చెవుల పైనా తెల్లటి గుండు అట్లాగే కనబడుతోంది. బట్టలంగడి వాడు వెతికి వెతికి మంకీ క్యాప్ తీశాడు. ఏప్రిల్ ఎండలో అది తగిలించుకుని పోతే నాయన పక్క మంచంలో నన్నూ పడుకోబెడతారు. పాత బస్టాండు దగ్గర పేవ్‌మెంటు మీద కొన్నది వీధి మలుపు తిరిగేలోపు గాలికి ఎగిరిపోయి మురుక్కాలువలో పడింది. అంతా ఒక ఎత్తు, అంగడివాళ్ల చూపు ఒక ఎత్తు. ముందు నా మూతి చూస్తారు, వెంటనే గొంతు తగ్గిస్తారు. ఒకాయన బేరమాడకుండానే ధర తగ్గించాడు. ఆ జాలికి నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి కొండారెడ్డి బురుజు దగ్గర చెరుకురసం బండి ఆయన చెప్పాడు, వెనక సందులో మసీదు పక్కన చాచా అంగడి ఉందని.

అది బీరువాకు కొంచెం పెద్దది, గదికి చిన్నది. ముందంతా నమాజు టోపీలు, తెల్లవీ అల్లికవీ, దొంతరలుగా ఉన్నాయి. పై అరలో కాగితం చుట్టిన పెద్ద అంచుల టోపీలు. అవెవరు కొంటారని అడిగాను. "సర్వేయోళ్లు, ఫారెస్టోళ్లు, పెండ్లిళ్లకు ఫోటోలు తీసేటోళ్లు" అన్నాడు చాచా. తెల్లగడ్డం, లావు అద్దాలు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి టేపు తల చుట్టూ తిప్పాడు. తిప్పుతూ అడిగాడు.

"ఎవురప్పా పోయింది?"

పొద్దుటి నుంచి అణుచుకున్నదంతా ఆ ముసలాయన మీద పడింది. "ఎవురూ పోల్యా. మా నాయన బతికే ఉండాడు. ఆయప్పను సంపేదాకా ఈ జిల్లాలో ఎవురికీ నిద్ర పట్టదా?"

చాచా టేపు తీసి మెడలో వేసుకున్నాడు. కోపం తెచ్చుకోలేదు. "తప్పయిపాయ. మూతి చూసి అనుకుంటి. చెప్పు, ఏమాయ" అన్నాడు. చెప్పాను. కన్నకొడుకు చెబుతున్నట్టు చివరిదాకా విన్నాడు. విన్నాక పై అరలోంచి బూడిదరంగు టోపీ ఒకటి దించి నా తల మీద పెట్టాడు. అది కనుబొమ్మల మీదికి జారింది.

"వదులు చాచా."

"వదులే ఇస్తాండా. గుండుకు సరిపోయేది ఇస్తే ఎంటికలు వచ్చేతలికి బిగుసుకుంటాది. యా అంగడోడైనా ఆ సరిపోయేదే అమ్ముతాడు, నీకూ ఇప్పటికి బాగుంటాది." అంటూనే పాత పేపరు చింపి, వేలెడు వెడల్పున మడిచి, టోపీ లోపలి పట్టీ కింద చుట్టూ దూర్చాడు. ఒకదాని మీద ఒకటి, నాలుగు మడతలు. మళ్లీ తల మీద పెట్టాడు. ఈసారి కదల్లేదు.

"వారానికొకటి తీసెయ్యి. నాలుగూ అయిపోయేతలికి టోపీ నీ తలకు సరిగా కూర్చుంటాది. అప్పటికి మీ నాయన లేసి తిరుగుతాంటాడు చూడు."

అందుకే అది మంచి అంగడి అంటాను. నా తల ఈ రోజు ఎట్లా ఉందో కాదు, నెల తర్వాత ఎట్లా ఉంటుందో ఆలోచించి అమ్మాడు. ఆసుపత్రిలో ఎవరూ నాకు నెల తర్వాతి మాట చెప్పలేదు. నాలుగు వారాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ తిరిగొచ్చాను.

టోపీ, మాస్కు పెట్టుకుని వార్డులోకి పోతే నాయన మోచేతుల మీద లేచి చూశాడు.

"ఏమిరా, జమీందారు మాదిరి వస్తాండావు?"

"ఎండ శానా ఉండాది నాయనా."

"కడపలో లేని ఎండనా ఇది?" అని నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు.

మంగళవారం గడిచింది, బుధవారం గడిచింది. వార్డులో అందరూ నన్ను చూసి మోచేతులతో పొడుచుకుంటున్నా ఆ టోపీ తీయలేదు. చిక్కల్లా తిండి దగ్గర వచ్చింది. నాయనకు అప్పటికి గంజి తప్ప ఏదీ పెట్టొద్దన్నారు. తాను తినలేకపోయినా, అమ్మ తెచ్చిన సంగటి నేను ఎదురుగా కూర్చుని తింటుంటే చూడాలని ఆయనకు ఆశ. తినాలంటే మాస్కు తీయాలి. హోటల్లో తినొచ్చానని ప్రతి పూటా అబద్ధం చెప్పాను. ఆయన కళ్లు టోపీ మీది నుంచి మాస్కు మీదికి, మాస్కు మీది నుంచి అమ్మ ముఖం మీదికి తిరిగేవి.

గురువారం సాయంత్రం గంజి కూడా ఆపేశారు. అమ్మ క్యారియరు విప్పింది.

"రేపు నన్ను లోపలికి తీసకపోతారు. ఒక ముద్ద నా ముందర తినురా. నీ మొగం చూసి మూడు దినాలాయ" అన్నాడు నాయన.

"వాడు తినొచ్చినాడంట లే" అంది అమ్మ.

"నిన్ను అడగల్యా."

ఇంక నా వల్ల కాలేదు. మాస్కు తీశాను. అదొక్కటే తీసి టోపీ ఉంచుకోవడం దొంగతనంగా అనిపించి, అదీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అమ్మ గోడ వైపు తిరిగింది. మహానంది, నిద్ర, గుండు గీసేవాడి పొరపాటు, అన్నీ తడబడుతూ చెప్పడం మొదలుపెట్టాను. నాయన చేత్తో ఆగమన్నాడు. దగ్గరికి రమ్మన్నాడు.

నా గుండు మీద చెయ్యి వేసి మెల్లగా ముందుకు తెచ్చాడు. బొటనవేలితో నా పైపెదవిని ఈ చివర నుంచి ఆ చివరకు తడిమాడు.

"బాగా గీసినాడు. ఒక గాటు గూడా ల్యా" అన్నాడు. ఇంకాసేపు చూశాడు. "కొడుకును ఈ మొగంతో యా తండ్రీ చూడలేడు. నేను చూస్తి. బాగుండావు లే. తిను."

తిన్నాను. ఒక్కో ముద్దా నీళ్లతో మింగాను. ఆయన కళ్లార్పకుండా చూశాడు.

తర్వాత టోపీ అడిగి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. బిగుతుగా ఉంది. లోపల వేలు పెట్టి కాగితం మడతలు నాలుగూ ఒక్కొక్కటే లాగి మంచం కింద చెత్తడబ్బాలో వేశాడు. మళ్లీ పెట్టుకుని, "ఇప్పుడు సరిపాయ" అన్నాడు. నిజంగానే కొలిచి కుట్టినట్టు కూర్చుంది. మా ఇద్దరి తలలూ ఒకటే కొలత అని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. పొద్దున స్ట్రెచర్ వచ్చేదాకా అది ఆయన తల మీదే ఉంది. తీసి నా చేతికిస్తూ, "ఎండలో తిరగొద్దు" అన్నాడు.

ఆపరేషన్ అయింది. రెండు రోజులు అద్దాల గదిలో ఉంచారు. ఆదివారం నాయన పోయాడు.

పదకొండో దినం పల్లెలో వంక ఒడ్డున నన్ను కూర్చోబెట్టి తల తడిపారు. ఉన్నదంతా రవ్వంత గరుకు. మా ఊరి మంగలాయన నాలుగు గీతల్లో తల, అర గీతలో మూతి ముగించి కత్తి కడిగాడు. "తీసేదానికి ఏం ల్యాదప్పా. ఇచ్చేదంతా ముందే ఇచ్చేసినావు" అన్నాడు. ఆయన ఓదార్పుగానే అన్నాడు. అమ్మ విన్నది. అప్పటి నుంచి మా ఇంట్లో మహానంది పేరు ఎవరూ ఎత్తలేదు. ముందే ఇచ్చి పంపించేశానేమో అనే ఆలోచన నాకూ వస్తుంది. అది సైన్సు కాదని నాకు తెలుసు. తెలిసినా వస్తుంది.

రెండు రోజుల తర్వాత కడపకు పోతూ కర్నూలులో దిగాను. మడతలు లేని టోపీ కళ్ల మీదికి జారుతోంది. ఆ సందులోకి పోయి స్టూలు మీద కూర్చున్నాను. చాచా నాకన్నా ముందు టోపీని గుర్తుపట్టాడు.

"ఏమప్పా, మడతలన్నీ అప్పుడే తీసేస్తివా? జారుతాండాది గదా. మీ నాయన ఎట్లుండాడు, లేసి తిరుగుతాండాడా?"

ఆయన తప్పేమీ లేదు. పద్దెనిమిది రోజుల క్రితం ఇదే గుండుతో, ఇదే మూతితో వచ్చి, ఎవరూ పోలేదని ఆయన మీద అరిచాను. నాయన కోసం పెట్టుకోవలసిన ముఖం అప్పుడే వాడేశాను. ఇప్పుడు చూపించడానికి నా దగ్గర వేరే ముఖం లేదు.

చాచా జవాబు కోసం ఆగకుండా పేపరు చింపుతున్నాడు. "రెండు మడతలు సాలు. మూడు వారాలు కావస్తాండాది, ఈ పాటికి ఎంటికలు వచ్చింటాయి" అంటూ నా తల మీది టోపీ ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగిపోయింది. నున్నటి నా గుండు చూశాడు. వంగి మూతి చూశాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఈసారి ఎవరు పోయారని అడగలేదు.

మడిచిన రెండు మడతలూ టోపీలో దూర్చి, కూర్చుని ఇంకో రెండు చింపాడు.