బాపు కత్తికి ఒర

మా బాపుకు అడవి పిచ్చి. జఫర్‌గఢ్ దగ్గర మా ఊళ్లో రెండెకరాల పొలం చేసుకుంటూనే, ఎండాకాలం వచ్చిందంటే చాలు, ఆయన ప్రాణం మహదేవపూర్ దిక్కు కొట్టుకుంటుంది. నేను ఘనపూర్‌లో టీచర్ని. సెలవులివ్వగానే ఆయన్ను నా స్కూటీ వెనక ఎక్కించుకుని గోదావరి పక్క అడవికి తీసుకుపోవడం నా పని. తునికిపండ్లు ఏరుకుంటాం, మూడు రాళ్లు పెట్టి చాయ్ కాచుకుంటాం, సాయంత్రానికి తిరిగొస్తాం. ఆ ఒక్క పూట కోసం ఆయన ఏడాదంతా ఎదురుచూస్తాడు.

దారిలో అడ్డమొచ్చే ముళ్లకంప కొట్టడానికి ఆయన దగ్గర మూరెడు కత్తి ఉంది. పిడి దగ్గర సన్నగా, ముందుకు పోయేకొద్దీ వెడల్పుగా ఉంటుంది. దానికి ఒర లేదు. గోనెసంచిలో చుట్టి బండికి కట్టేవాళ్లం. నిరుడు గుంతలో బండి ఎగిరిపడితే గోనె జారి, కత్తి బాపు పిక్కను గీసింది. దవాఖానలో ఆరు కుట్లు వేశారు. కుట్ల నొప్పి పెద్దదేం కాదు. ఇంటికొచ్చాక మా అమ్మ మొహం చూడటమే కష్టమైంది. ఆమె అరవలేదు, ఏడవలేదు. కత్తి తీసుకుపోయి అటక మీద పెట్టి, నిచ్చెనను పక్కింటివాళ్లకు ఇచ్చేసింది.

"ఇగ అడివి లేదు, గిడివి లేదు" అంది.

ఈ ఏడు వేసవి మొదలయ్యేసరికి బాపు నీరుగారిపోయాడు. పొద్దున్నే లేచి అరుగు మీద కూర్చుని, రోడ్డు మీద పోయే ప్రతి బండినీ చూసేవాడు. ఒకరోజు అమ్మతో గట్టిగానే గొడవపడ్డాను. అమ్మ బియ్యం చెరుగుతూ తలెత్తకుండా చెప్పింది.

"దానికి గట్టిగ ఒర చెయ్యుండ్రి. నేను కింద పడేసి తొక్కి చూస్త. కత్తి జర గూడ బయటికి రావద్దు. అప్పుడు మాట్లాడుదం."

ఆ మాట చాలు. పక్కింటికి పరుగెత్తి నిచ్చెన తెచ్చాను.

మొదటి ఒర నేనే కుట్టాను, పాత జీన్స్ ప్యాంటు కాలుతో. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి, రెండు వరసల కుట్టు వేసి, మహా గొప్పగా అమ్మ ముందు పెట్టాను. ఆమె తొక్కాల్సిన అవసరమే రాలేదు. కత్తి దూర్చగానే కొస అడుగునుంచి బయటికొచ్చి నన్ను చూసింది. అమ్మ చెరగడం ఆపలేదు, కానీ పెదవి బిగబట్టి నవ్వు ఆపుకోవడం నాకు కనబడింది. నాకు ఒళ్లు మండింది.

అప్పుడు బాపు లేచాడు. "బట్టతోటి కాదు బిడ్డా. పైపు తేవాలె" అన్నాడు.

బోరు మోటారుకు వేసే ప్లాస్టిక్ పైపు ముక్కలు మా కొట్టంలో ఎప్పుడూ ఉంటాయి. వాటిని అతకడంలో బాపుది అందెవేసిన చెయ్యి. వరిగడ్డి మంట మీద పైపు మూతి కాపుతాడు. అది మెత్తబడగానే రెండో పైపును దాంట్లోకి దూర్చి చెంబెడు చల్లనీళ్లు గుమ్మరిస్తాడు. ఇక ఆ రెండు పైపులను ఇద్దరు మనుషులు లాగినా ఊడవు. నలభై ఏళ్లుగా ఆయన చేతులకు అలవాటైన పని ఇదే.

అలవాటే కొంప ముంచింది. పైపు ముక్కంతా మెత్తబడే దాకా కాపి, కత్తి దూర్చి, పైన చెక్క పెట్టి దానిమీద నిలబడ్డాడు. పైపు చక్కగా అణిగి కత్తికి అంటుకుంది. "నీళ్లు, నీళ్లు" అని ఆయన అరిస్తే నేను చెంబు గుమ్మరించాను.

చూడముచ్చటగా వచ్చింది ఒర. కత్తి మాత్రం బయటికి రాలేదు.

ఆయన పిడి పట్టుకున్నాడు, నేను ఒర పట్టుకున్నాను. లాగాం. నేను అరుగుకు కాలు తన్నిపెట్టి లాగాను. ఆయన నన్ను కూడా కలిపి వాకిలంతా ఈడ్చాడు. కత్తి ముందువైపు వెడల్పు, పైపేమో వెనక సన్నభాగాన్ని గట్టిగా కరుచుకుంది. ఎట్లా వస్తుంది? అమ్మ చేట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నిరుటి నుంచీ ఆమె అట్లా నవ్వగా నేను చూడలేదు.

"అది మోటారు పైపా? అతికిస్తున్నవ్?" అంది బాపుతో. "జరుగుండ్రి ఇగ."

కొంగు నడుముకు దోపుకుని వచ్చింది. పైపును మళ్లీ మంట మీద తిప్పి కత్తి ఊడదీసింది. తన పాత చీర చింపి, తడిపి, కత్తికి చుట్టింది. పిడి దగ్గర ఎక్కువ చుట్లు, వెడల్పు దగ్గర తక్కువ. మొత్తం ఒకే లావుకు వచ్చాక మెత్తబడ్డ పైపులోకి దూర్చి, "నిలబడు" అంది. బాపు బుద్ధిగా చెక్క మీద నిలబడ్డాడు. నీళ్లు పోశాక ఆమె ఒక్కతే లాగింది. చీర పేలికతో సహా కత్తి హాయిగా బయటికొచ్చింది. ఒర అడుగు మూతిని కాపి మడిచి నొక్కింది. కత్తి జారకుండా పిడిమీదుగా సైకిల్ ట్యూబు పట్టీ బిగించింది. బాపూ నేనూ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాం.

తర్వాత దాన్ని నేలకేసి కొట్టింది. ఎక్కి తొక్కింది. తలకిందులుగా పట్టుకుని ఊపింది. కత్తి కదల్లేదు. ఆమె మొహం చూస్తే నాకు జాలేసింది, తన పంతాన్ని తన చేతులతోనే ఓడించుకుంది పాపం.

"పోతే పోండ్రి" అంది, మావైపు చూడకుండా.

వారం తిరక్కుండా అడవిలో ఉన్నాం. బాపు నడక చూడాలి, పదేళ్లు తగ్గినట్టున్నాడు. దారిలో మేకలు కాసుకునే ఇద్దరు ఆయన్ను ఆపి ఒర చూపించమన్నారు. ఒకాయన అటూ ఇటూ తిప్పి, ఎక్కడ కొన్నావని అడిగాడు. బాపు నావైపు తిరిగి, అమ్మకు ఫోన్ చెయ్యమన్నాడు. సిగ్నల్ కోసం ఇద్దరం బండ ఎక్కాల్సి వచ్చింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"ఏంది, మల్ల తెగిందా?" అంది అమ్మ ఫోన్ ఎత్తగానే.

"తెగలే. ఒర ఏడ కొన్నవని అడుగుతున్రు" అన్నాడు బాపు.

"నువ్వేమన్నవ్?"

"నా పెండ్లాం చేసిందన్న."



"నువ్వు పోయినప్పటిసంది పొయ్యి ముట్టియ్యలే నేను" అంది అమ్మ. "ఇప్పుడు ముట్టిస్త. ఇద్దరు నిమ్మలంగ రాండ్రి."