కెప్టెన్‌కి గాలి అందిందా?

ఇవాళ బజార్లో జనరేటర్ డీజిల్ వాసన తగలగానే భీమవరం దగ్గర మా రొయ్యల చెరువు, గట్టు మీద షెడ్డు గుర్తొచ్చాయి.

ఆదివారం మధ్యాహ్నం హిందీలో వచ్చే ఆ అంతరిక్ష కౌబాయ్‌ల సీరియల్ మీకూ గుర్తుందా? సీజన్ ఆఖరి ఎపిసోడ్ రోజు మబ్బు పట్టి, కరెంటు పోయింది. చెరువు నీళ్లకి గాలి అందించే ఏరేటర్ జనరేటర్ మీద తిరుగుతోంది. నాన్న భోజనానికెళ్లగానే దాని ప్లగ్గు పీకి షెడ్డులో ఉన్న టీవీది పెట్టాను.

సీరియల్లో అంతరిక్ష ఓడలో గాలి అయిపోతోంది. కెప్టెన్ రొప్పుతున్నాడు. నేనూ ఊపిరి బిగబట్టాను.

"అమ్మాయ్! రొయ్యలు పైకి తేలిపోతున్నాయే! ఏరేటర్ ఎందుకు ఆగింది?"

నాన్న పరిగెత్తుకొచ్చి ప్లగ్గు మార్చారు. టీవీ ఆరిపోయింది. రొయ్యలు మళ్లీ కిందికి దిగేదాకా ఇద్దరం గట్టు మీదే నిలబడ్డాం.

సాయంత్రం ఆయనే అడిగారు. "ఇంతకీ ఆ కెప్టెన్ బతికాడా?"

మీలో ఎవరైనా చూసుంటే చెప్పండర్రా. నాన్న ఇప్పటికీ అడుగుతున్నారు.