అత్తయ్య అరచేతిలో కర్పూరం

మొన్న సాయంత్రం మా నరసరావుపేట ఇంట్లో మనవరాలు ఫోన్ పట్టుకుని పడీ పడీ నవ్వుతుంటే, అంత నవ్వేముందే అందులో అని నేనూ కళ్ళజోడు సవరించుకుని చూశాను. ఏదో ఊరి జాతరలో పూనకం వచ్చిన ఒకావిడ అరచేతిలో కర్పూరం వెలిగించారు, చుట్టూ జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఆ వీడియో కింద ఒకడు ఇదంతా మోసం, రుజువేదీ అని రాశాడు, ఇంకొకడు చెయ్యి కాలలేదుగా, ఇంతకన్నా రుజువేం కావాలి అని రాశాడు. ఆ ఇద్దరిలో ఒక్కడైనా ఆవిడ మొహం వంక చూశాడా అంటే లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కి, ఫోన్ లాక్కుని మంచం మీద బోర్లా పడేశాను. పిల్ల బిక్కచచ్చిపోయింది. పాపం, నా కోపం దాని మీద కాదని దానికేం తెలుసు, అది నా చిన్ననాటి నుంచీ ఆరని కోపం.

మా నాన్నకు గురజాల బజారులో కిరాణా కొట్టు ఉండేది. పంట వచ్చే రోజుల్లో మిరపకాయలు కూడా కొని, చెమ్మగా ఉన్నవాటిని మా మిద్దె మీద ఎండబోయించేవాడు. నాన్న చెల్లెలు, అంటే మా అత్తయ్య, పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన దగ్గరనుంచీ కంచం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది, ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడేది, ఎముకల గూడయిపోయింది. అమ్మ బతిమాలింది, కసిరింది, ఏం చేసినా ముద్ద దిగేది కాదు. మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇలాంటి ఆడమనిషి ఇంటికొకరు ఉండేవారు, ఆవిడకు పని చెప్పాలని అందరికీ తోచేది, ఆవిడకూ ఒక మనసుంటుందని మాత్రం ఎవరికీ తోచేది కాదు.

అలాంటి అత్తయ్య ఒక మధ్యాహ్నం మిరపకాయలు తిరగేయడానికి మిద్దె ఎక్కి, కాసేపటికి కిందికి వచ్చి, తనంతట తానే కంచం పెట్టుకుని కూర్చుంది. గోంగూర పచ్చడి కలుపుకుని తిని, మారు అన్నం కూడా అడిగింది! వడ్డిస్తున్న అమ్మ కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. నేను పక్కనే ఉన్నాను, అత్తయ్య అన్న ప్రతి మాటా విన్నాను. "వదినా, కాయలు తిరగేస్తుంటే ఉన్నట్టుండి నా భయమంతా పోయింది. ఎవరో నా పక్కనే ఉన్నారు. మనిషి గాదు. చానా దగ్గరగా ఉన్నారు. ఇంకా ఉందిలే, నిమ్మళంగా చెప్తా" అంది.

ఆ నిమ్మళం ఆవిడకు దక్కనిచ్చారా! అమ్మ సంతోషం పట్టలేక పక్కింట్లో చెప్పింది, పొద్దు వాలేసరికి ఆ మాట అమ్మవారు పూనిందన్న కబురై బజారంతా తిరిగి వచ్చింది. గుడి ధర్మకర్త, నాకు వరసకు తాతయ్య, కర్రపోట్లేసుకుంటూ వచ్చి వసారాలో కూర్చున్నాడు. హైస్కూల్లో సైన్సు చెప్పే మా బాబాయి, నాన్న తమ్ముడు, సైకిలు దిగుతూనే మొదలుపెట్టాడు. ఏటా అమ్మవారి కొలుపుల్లో దేవుడున్నాడు, లేడని కొట్టుకు చచ్చే వాళ్ళిద్దరూ ఆ ఒక్క రోజు ఒక్కటైపోయారు. "అమ్మవారే వస్తే ఊరికి తెలియాల, కర్పూరం తెప్పించండి" అన్నాడు ఆయన. "తెప్పించండి మరి, ఆధారం లేకుండా ఎట్టా నమ్మేది?" అన్నాడు ఈయన. అత్తయ్య గుమ్మం చాటు నుంచి, "నేను అమ్మవారని అన్లేదు చిన్నన్నయ్యా, నాకేం వద్దు, నన్నొదిలెయ్యండి" అని ఎంత మొత్తుకున్నా వినేవాడేడీ? నాన్న లేచి కొట్టు తాళాలు తీసుకున్నాడు. కర్పూరం మా కొట్లోదే.

కొలుపుల్లో పూనకం వచ్చే ఆడవాళ్ళను మీరూ చూసే ఉంటారు, పసుపు నీళ్ళలో తడిసిన చేతులతో ఊగుతూనే ఉంటారు, మంట ఒకచోట నిలవదు. మా అత్తయ్యకు పూనకమూ లేదు, ఊగడమూ తెలియదు. పెద్దవాళ్ళు చాపమన్నారని పొడిచెయ్యి చాపి, అందులో కర్పూరం వెలిగిస్తే కదలకూడదేమో అనుకుని, పళ్ళు బిగబట్టి అలాగే నిలబడింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. అమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి ఆ చెయ్యి తట్టేసింది.

"అమ్మవారు గాదు, ఏం గాదు, ఒట్టిదే" అని తాతయ్య లేచాడు. "నేను చెప్పలా, మొగుడు పోయి బుర్ర చెదిరింది" అని బాబాయి తేల్చేశాడు. తేల్చేసి, జేబులో పెన్ను తీసి, కాలిన చోట సిరా పోశాడు మహానుభావుడు, అప్పట్లో కాలితే అందరూ అదే పోసేవాళ్ళు. ఆ సిరాకు ఏ ఆధారం దొరికిందో ఆయన్ను ఎవరూ అడగలేదు.

దేవుడున్నాడో లేడో నాకు ఈ వయసులో కూడా తేలలేదు. దేవుడు చెప్పాడని ఎవరైనా ఊరి చేత జీవాన్ని కోయించినా, జ్వరమొచ్చిన పిల్లకు మందు మాన్పించినా, నిలబెట్టి రుజువడగండి, అందరికన్నా ముందు నేనే అడుగుతాను. మా అత్తయ్య ఎవర్నీ నమ్మమనలేదే! మారు అన్నం అడిగింది, అంతే. రుజువు కోసం అంగలార్చిన పెద్దమనుషులకు ఊడ్చినట్టున్న ఆ కంచం కనపడలేదా? వాళ్ళిద్దరూ పోయి చాలా కాలమైంది, పోయినవాళ్ళను తిట్టకూడదంటారు, అయినా నేను తిడతాను.

అన్నం తినడం అత్తయ్య మళ్ళీ మానలేదు, అది మాత్రం వాళ్ళ వల్ల కాలేదు. మిగతా మాట మటుకు అమ్మకు కూడా చెప్పలేదు. చివరి రోజుల్లో నా దగ్గరే ఉన్నప్పుడు, తల దువ్వుతూ ఒకసారి అడిగాను, అత్తయ్యా, ఆ రోజు ఇంకా ఉందన్నావే, ఏంటది అని. ఆ మచ్చ ఉన్న చెయ్యి మెల్లగా మూసుకుని నవ్వింది. "వద్దులేవే. చెప్తే మళ్ళీ కర్పూరం తెస్తారు."

ఇప్పుడు గురజాలలో ఆ మిద్దె లేదు, మిరపకాయల ఘాటుకు తుమ్ముకుంటూ నవ్వుకున్న ఆ మధ్యాహ్నాలూ లేవు. ఆనాడు మా వసారాలో పట్టినంత మందే చూశారు, ఈనాడు లోకమంతా చేరి చూస్తోంది, మారిందల్లా అంతే. ఇదంతా విన్న మనవరాలు బోర్లా పడేసిన ఫోన్ ముట్టుకోకుండా నా పక్కన చేరి, "ఇంతకీ ఆ మిద్దె మీద ఆవిడకేం కనపడింది నాయనమ్మా?" అంది.

ఏమో తల్లీ, మమ్మల్ని విననివ్వలేదు.