రెండు హార్డ్ డిస్కులు, ఒక కొబ్బరికాయ

ఒక మనిషి తలస్నానం చేసి, కొత్త చొక్కా తొడుక్కుని, భక్తిశ్రద్ధలతో తన దుకాణాన్ని తానే ఎలా ముంచుకోగలడో తెలియాలంటే నన్ను అడగండి. దసరా నాడు పొద్దున్నే, ఇంకా చాయ్ కూడా తాగకముందే, నేను ఆ పని పూర్తి చేశాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను కానీ, ఆ రోజు నా మొహం చూస్తే మీరే కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చేవారు.

శంషాబాద్‌లో నాదో చిన్న ఫోటో స్టూడియో. అప్పటికి పెట్టి రెండేళ్లు. పెళ్లిళ్ల ఫోటోలు, వీడియోలు నేను తీస్తాను. వాటిని కూర్చి ఒక రూపానికి తెచ్చేది మార్తక్క. బుద్వేల్ నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది. నాకంటే పదేళ్లు పెద్ద, మాట తక్కువ. ఆమె మిగిల్చిన మాటలన్నీ నేను ఖర్చు పెట్టేవాణ్ని. ముఖ్యంగా బ్యాకప్ గురించి మొదలుపెడితే నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. వచ్చిన ప్రతి పెళ్లివారి ముందూ రెండు యూఎస్‌బీ హార్డ్ డిస్కులు పెట్టేవాణ్ని, ఒకటి నల్లది, ఒకటి నీలంది. మీ పెండ్లి దీంట్ల ఒకసారి, దాంట్ల ఒకసారి ఉంటది, ఒకటి ఖరాబైనా ఫికర్ లేదు అని బీమా ఏజెంటులా చెప్పేవాణ్ని.

ఆ ధీమాతోనే కంప్యూటర్లో నుంచీ, కెమెరా కార్డుల్లో నుంచీ పెళ్లి మొత్తం తుడిచేసేవాణ్ని. తర్వాతి పెళ్లికి జాగా కావాలి కదా. ఇక ఆ రెండు డిస్కులూ ఒకే సొరుగులో పక్కపక్కనే పడుకునేవి. ఇదేం భద్రత అని మీరు అడగొచ్చు. మార్తక్క కూడా ఒకసారి అడిగింది. సొరుగుకు తాళం ఉందని గొప్పగా చూపించాను. ఆమె తాళం వైపు చూసి, నా వైపు చూసి, పనిలో పడింది.

ఆ శ్రావణంలో మహేశ్వరం నర్సింలన్న బిడ్డ పెళ్లి తీశాను. ఆ పెళ్లిలో అందరూ చూసింది పెళ్లికూతుర్ని కాదు, నర్సింలన్న తల్లిని. ఎనభైకి దగ్గరపడ్డ ముసలామె, ఆధార్ కార్డుకు తప్ప ఫోటో దిగి ఎరగదు. బరాత్‌లో డప్పు మోగేసరికి కొంగు నడుముకు చెక్కి పావుగంట ఆడింది. విమానాశ్రయం పక్కన డ్రోన్ ఎగరేయనివ్వరు కాబట్టి నేను ట్రాక్టర్ ఎక్కి నిలబడి దాదాపు మొత్తం తీశాను. ఫోన్లలో తీసిన చుట్టాలూ ఉన్నారు. అయితే వాళ్లంతా ఎగురుతూ తీశారు, అందులో అవ్వ కంటే వాళ్ల మోచేతులే ఎక్కువ కనిపిస్తాయి.

పెళ్లయిన నెలకే అవ్వ జారిపడి తుంటి విరిగి మంచం పట్టింది. దసరాకు రెండు రోజుల ముందు నర్సింలన్న ఫోన్ చేశాడు.

"అవ్వ మందులు మింగుతలేదు తమ్మీ. నేను ఆడింది సూపెడితెనే మింగుత అంటున్నది."

పండగ నాడు సాయంత్రం నేనే ఇంటికి తెస్తానని మాటిచ్చాను. వీడియో తయారై రెండు డిస్కుల్లోనూ ఉంది. కంప్యూటర్ మాత్రం ఎప్పటిలాగే శుభ్రం.

దసరా పొద్దున ఆయుధపూజ. మా ఇంట్లో నాగలికీ, గొడ్డలికీ చేసేవారు. నా ఆయుధాలు వేరు. కెమెరా, లెన్సులు, లైట్లు వరసగా పెట్టాను. అంతా అయ్యాక డిస్కులు గుర్తొచ్చాయి. ఏడాదంతా నన్ను కాపాడేవాటిని వదిలేస్తే ఎలా అనిపించి, సొరుగు తాళం తీసి రెండింటినీ పీట మీద ముందు వరుసలో కూర్చోబెట్టాను. తడి పసుపు పూశాను. బొట్టు పెడదామంటే హార్డ్ డిస్కుకు నుదురు ఎక్కడుంటుందో తెలియలేదు. కేబుల్ దూర్చే చోటు మొహంలా కనిపించింది. అక్కడే నిండుగా పెట్టాను.

తర్వాత కొబ్బరికాయ. మా బాపు ఒక్క దెబ్బకు కొట్టేవాడు, నేనూ ఆయన కొడుకునే. రాయి లేక పీట అంచుకేసి బలంగా కొట్టాను. కాయ పగిలింది. నీళ్లు మాత్రం గిన్నెలో ఒక్క చుక్క పడలేదు, నల్ల డిస్కుకూ నీలం డిస్కుకూ సమానంగా అభిషేకం జరిగింది.

తెలివైనవాడైతే తుడిచి, ఎండనిచ్చి ఊరుకునేవాడు. నేను వెంటనే నల్లదాన్ని కంప్యూటర్‌కు తగిలించి చూశాను. టక్ టక్ అని ఆగిపోయింది. కొంచెం ధైర్యం కోసం నీలందాన్ని కూడా తగిలించాను. అది టక్ అని కూడా అనలేదు.

బియ్యం డబ్బాలో పాతిపెట్టాను, ఫ్యాన్ కింద ఆరబెట్టాను. అత్తాపూర్‌లో డిస్కులు బాగుచేసే ఆయనకు ఫోన్ చేసి పూజ చేశానని చెప్పాను. ఆయన రెండింటికీనా అని అడిగి, పండగ వెళ్లాక తీసుకురమ్మన్నాడు, ఆశ పెట్టుకోవద్దన్నాడు. మంచంలో ఉన్న అవ్వను లేపి మళ్లీ ఒకసారి ఆడమనలేను కదా. చివరికి మార్తక్కకు ఫోన్ చేశాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"కరెంటు పెట్టినవా తమ్మీ?"

"పెట్టిన అక్కా."

"రెండిటికా?"

రెండింటికీ అని ఒప్పుకున్నాను. సెలవు రోజైనా ఆమె గంటలో స్టూడియోలో ఉంది. ఒక్క మాట తిట్టలేదు. హ్యాండ్‌బ్యాగు తెరిచి, చేతిరుమాలులో చుట్టిన పాత హార్డ్ డిస్కు ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. అందులో నర్సింలన్న బిడ్డ పెళ్లి ఉంది. అంతకు ముందువి కూడా ఉన్నాయి. ప్రతి శనివారం కాపీ చేసి, ఒక వీడియో తెరిచి ఆడుతోందో లేదో చూసుకుని, ఇంటికి తీసుకెళ్లి బీరువాలో చీరల మధ్య పెడుతుందట. ఏడాదిన్నరగా ఇదే పని.

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే దాన్ని గూడ తెచ్చి పీట మీద పెడ్తుంటివి."

నేను ఏడ్చాను. సిగ్గేమీ లేదు, నిజంగానే ఏడ్చాను. ఆమె నన్ను ఏడవనిచ్చి, ఈలోగా ఆ పెళ్లిని ముందు కంప్యూటర్లోకి, తర్వాత నా లాప్‌టాప్‌లోకి కాపీ చేసింది. అప్పుడు కానీ తన డిస్కును నన్ను తాకనివ్వలేదు.

సాయంత్రం మహేశ్వరంలో అవ్వ దిండుకు ఆనుకుని తన ఆట తాను చూసుకుంది. రెండుసార్లు చూసింది. కోడలు మందులు ఇస్తే తెర మీద నుంచి కళ్లు తిప్పకుండానే మింగింది. తర్వాత నన్ను పిలిచి, నడిమిట్ల నన్ను ఇడిసిపెట్టి పెండ్లిపిల్లను తీసినవేందిరా అని మందలించింది. ఆ మందలింపు విని బయటికొచ్చి మార్తక్కకు ఫోన్ చేశాను. ఈ రోజుకీ నా స్టూడియో తలుపు తెరుచుకుంటోందంటే అది ఆమె పుణ్యం. ఆ మాట ఆమెకు చెబితే పని చూసుకోమంటుంది, అందుకని మీకు చెబుతున్నాను.

ఇక శపథం. ఒక పెళ్లి కాపీలను ఇంకెప్పుడూ ఒకే ఇంట్లో, ఒకే సొరుగులో, ఒకే పీట మీద కలవనివ్వనని, ఇదిగో, హార్డ్ డిస్కు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఒక్క డిస్కు మీదే పెట్టాను, గమనించగలరు. రెండోదాని మీద పెట్టాలంటే బుద్వేల్ దాకా, మార్తక్క బీరువా దాకా పోవాలి.