ఇంటిల్లిపాదికీ ఒకే డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయారన్న కబురు గార్లదిన్నె బస్టాండులో ఉండగా తెలిసింది. మా వీధి ఆశా కార్యకర్త ఫోన్ చేసి, "డాక్టరమ్మ లేదంట అన్నా, గుండెపోటంట" అని పెట్టేసింది. బస్సెక్కి బడికి వెళ్లి పాఠం చెప్పాను. ఏడుపు రాలేదు. మా నాయన ఇక ఎవరి దగ్గర చూపించుకుంటాడన్న దిగులు మాత్రం పట్టుకుంది.

ప్రభుత్వం పద్ధతి మార్చి, డాక్టర్లే ఊళ్లకు వచ్చి కుటుంబాల వారీగా చూడాలన్నప్పుడు మా ఊరి వంతుకు ఆవిడ వచ్చారు. మడకశిర మనిషి. అంతకుముందు మాకు ఏ నొప్పికైనా సూది, లేదంటే అనంతపురం పెద్దాసుపత్రి. మీ ఊళ్లోనూ అంతే అయి ఉంటుంది. ఆవిడ వైద్యం వ్యాను దిగగానే మా గ్రామ సచివాలయం వరండాలో రోగి కూర్చునే స్టూలు తీయించి బెంచీ వేయించారు. ఎవరైనా ఒంటరిగా వస్తే, "ఇంట్లోవాళ్లు యాడప్పా? పిల్చుకోని రా" అనేవారు.

మా నాయన దీన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. ఇంటికంతా ఒకే డాక్టరైతే మందూ ఒకటేనని తన బీపీ మాత్రలు అమ్మకూ పెట్టాడు. అమ్మ కళ్లు తిరిగి పొయ్యి దగ్గర కూలబడింది. ఇద్దర్నీ వరండాకు తీసుకెళ్తే, డాక్టరమ్మ అమ్మకు బీపీ చూసి సంగతి పట్టేశారు.

"ఏమప్పా, ఇంటికి ఒక డాక్టరంటే ఇంటికి ఒక మాత్ర అనుకుంటివా?" అన్నారు డాక్టరమ్మ.

"తల నొస్తాండాదంటే ఇచ్చినా తల్లీ."

"అట్లయితే నీ కండ్లద్దాలు గూడా ఆమెకే పెట్టు."

వరండా అంతా నవ్వింది. నాయనా నవ్వాడు. అప్పటినుంచి ఆవిడ మాట తప్ప ఇంకొకరిది వినలేదు. ఆవిడ సెలవులో ఉండి వేరే డాక్టరు వస్తే ఇల్లు కదిలేవాడు కాదు.

అది ఆవిడకు గిట్టేది కాదు. "నా మొగం చూసి మందు మింగితే యేం లాభం? రేపు నేను ల్యాకపోతే? నా జాగాలో ఎవురొచ్చినా బీపీకి చెయ్యి చాపల్ల. అప్పుడే ఈ పని నిలబడేది" అని కసిరేవారు. ఆవిడ కోపిష్టి. బీడీ వాసన తగిలితే మనిషిని గేటు దాకా తరిమేవారు. కానీ మా అమ్మ ఈరోజు తిరుగుతోందంటే ఆవిడ చలవే. అందుకు నేను రుణపడి ఉన్నాను.

కొత్త డాక్టరు వస్తున్నాడని నిన్న నాయనకు చెప్పాను. ఈ పొద్దున బడికి వెళ్తూ సచివాలయం వైపు చూశాను. వ్యాను ఇంకా రాలేదు. బెంచీ మీద అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, మా నాయన రోడ్డు వైపు చూస్తున్నాడు.